ఆర్మీ ముందా, ఎయిర్ ఫోర్స్ ముందా? ఫారంలో ఆ గడి దగ్గర కాస్త ఆగండి

నమస్తే అండీ. చిత్తూరు నుంచి ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్న ఒక తమ్ముడు ఇలా అడిగాడు: "అన్నా, సీడీఎస్ వేస్తాండా, ఏఎఫ్‌క్యాట్ కూడా వేస్తా, టీజీసీ పడితే అదీ వేస్తా. ఇన్నింటికి వేస్తే ఇంటర్వ్యూలో నన్ను నిలకడ లేనోడు అనుకుంటారా?"

మన తిరుపతిలో పొద్దున్నే యూనివర్సిటీ గ్రౌండ్‌లో పరుగెత్తే పిల్లల్లో చాలామందికి ఇదే టెన్షన్. కాబట్టి వీడియో మొత్తం దీని మీదే. కొత్తవాళ్ల కోసం ఒక ముక్క: ఇవి మూడూ ఆఫీసర్ అయ్యే దారులు. సీడీఎస్ మూడు సర్వీసులకీ కలిపి పెట్టే రాత పరీక్ష, ఏఎఫ్‌క్యాట్ ఎయిర్ ఫోర్స్ సొంత పరీక్ష, టీజీసీ ఇంజినీర్లకి ఆర్మీలో ఉన్న ఎంట్రీ.

జవాబు ముందే చెప్పేస్తున్నా. వేయండి. అర్హత ఉన్న ప్రతిదానికీ వేయండి. అది తప్పు కాదు, దాచాల్సిన విషయం అంతకన్నా కాదు. ఆర్మీ సెలక్షన్ బోర్డులో నాట్ రికమెండెడ్, అంటే ఎంపిక కాకపోతే, ఎయిర్ ఫోర్స్ బోర్డుకి పోకూడదని ఎక్కడా లేదు. పైగా మన చేతిలో ఉన్న టైమ్ తక్కువ. సీడీఎస్‌లో ఐఎంఏకి (ఆర్మీ పర్మనెంట్ ఆఫీసర్ల అకాడమీ) సుమారుగా 24 ఏళ్లు దాటకూడదు, ఓటీఏకి (షార్ట్ సర్వీస్, అంటే కొన్నేళ్ల సర్వీసుకి తీసుకునే ఆర్మీ ఆఫీసర్ల అకాడమీ) 25. ఏఎఫ్‌క్యాట్‌లో పైలట్‌కి 24, గ్రౌండ్ డ్యూటీకి 26. ఇంజినీర్లకు టీజీసీలో 27 దాకా ఉంది. ఈ వయసు కూడా మనం ఫారం నింపే రోజుకి లెక్కగట్టరు, కోర్సు మొదలయ్యే తేదీని బట్టి చూస్తారు. ఒక్కటే వేసి దాని రిజల్ట్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఏడాది ఇట్టే పోతుంది.

జీతం చూసి ఎంచుకుందాం అనుకునేవాళ్లకి కూడా ఒక మాట. ఆర్మీలో లెఫ్టినెంట్, నేవీలో సబ్ లెఫ్టినెంట్, ఎయిర్ ఫోర్స్‌లో ఫ్లయింగ్ ఆఫీసర్, ముగ్గురికీ మూల వేతనం మొదలయ్యేది 56,100 దగ్గరే. అందుకని ఆ లెక్క పక్కన పెట్టేయండి.

సమస్య ఎన్ని వేశాం అన్నదాంట్లో లేదు. ఎలా నింపాం అన్నదాంట్లో ఉంది.

మీరు చూసే ఉంటారు. ఆఖరి తేదీ సాయంత్రం, గాంధీ రోడ్డు పక్క సందులో నెట్ సెంటర్. ముందర నలుగురు క్యూలో ఉంటారు. ఒకడిది డిగ్రీ ఫీజు, ఇంకొకడిది దర్శనం టికెట్. మన వంతు వస్తుంది. ఆపరేటర్ స్క్రీన్ వైపు చూస్తూనే అడుగుతాడు: "ప్రిఫరెన్స్ ఏం పెట్టమంటావు?" మనవాడు వెనక నిలబడి, "ఏదో ఒకటి పెట్టేయన్నా, అన్నీ కావాల" అంటాడు. ఆయన పైనుంచి కిందికి టక టక నాలుగు క్లిక్‌లు కొట్టి ప్రింట్ తీసి చేతిలో పెడతాడు. ఆయనదేం తప్పు లేదు. ఆయన పని ఫారం నింపడం, మన భవిష్యత్తు ఆలోచించడం కాదు కదా!

ఆ నాలుగు క్లిక్‌లలో ఏముందో చూద్దాం. సీడీఎస్ యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పెట్టే పరీక్ష. ఒక్క పరీక్షతో నాలుగు తలుపులు: డెహ్రాడూన్‌లో ఐఎంఏ, కేరళలో ఎళిమల నేవల్ అకాడమీ, మన హైదరాబాద్ పక్కన దుండిగల్‌లో ఎయిర్ ఫోర్స్ అకాడమీ, చెన్నైలో ఓటీఏ. నేవల్ అకాడమీకి ఇంజినీరింగ్ డిగ్రీ ఉండాలి. ఎయిర్ ఫోర్స్‌కి ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ చదివి ఉండాలి, లేదంటే ఇంజినీరింగ్ అయినా ఉండాలి. ఐఎంఏకి, ఓటీఏకి ఏ డిగ్రీ అయినా పర్వాలేదు. ఇదంతా చాలామందికి తెలుసు.

తెలియనిది నోటిఫికేషన్‌లో లోపల, చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఎయిర్ ఫోర్స్ అకాడమీ కావాలంటే దాన్ని మొదటి ప్రిఫరెన్స్‌గానే పెట్టాలి. రెండో స్థానంలోనో మూడో స్థానంలోనో పెడితే ఆ ఎంపిక చెల్లదు. ఎందుకంటే పైలట్ కావాలనుకునేవాళ్లకి పరీక్షలు ఎయిర్ ఫోర్స్ సొంత బోర్డులోనే జరగాలి, మెడికల్ ప్రమాణాలు కూడా వేరు. ఓటీఏది దీనికి పూర్తిగా రివర్స్. ఐఎంఏ, నేవీ, ఎయిర్ ఫోర్స్‌తో పాటు ఓటీఏ కూడా కావాలంటే దాన్ని ఆఖర్లో పెట్టాలి. ముందు పెట్టారనుకోండి, మిగతావి ఎంచుకున్నా ఎంచుకోనట్టే లెక్క. "అన్నీ కావాల" అని వెళ్లిన మనవాడు ఒక్కదానితో ఇంటికొస్తాడు, ఆ సంగతి కూడా వాడికి తెలియదు.

ఏడుకొండల వాడికి మొక్కుకోండి, కాదనను. దాంతోపాటు మీరు వేసే సంవత్సరం నోటిఫికేషన్ పీడీఎఫ్ కూడా ఒకసారి పూర్తిగా చదవండి. గడువు అయిపోయాక వరుస మార్చమని ఎంత అడిగినా వినరు.

ఇంకోటి కూడా ఉంది. రాత పరీక్ష పాసై, మొదటి ఎంపిక ఆర్మీ అయితే, జాయిన్ ఇండియన్ ఆర్మీ వెబ్‌సైట్‌లో మళ్లీ రిజిస్టర్ చేసుకోవాలి. గడువు రోజుల్లోనే ఉంటుంది. యూపీఎస్సీ లిస్టులో నంబర్ చూసి స్వీట్లు పంచి, ఇది మర్చిపోయేవాళ్లు ఉంటారు.

ఇప్పుడు పైలట్ సంగతి. అన్నింటికీ వేయండి అన్నాను కదా, ఇక్కడ మాత్రం తొందరపడొద్దు. ఎయిర్ ఫోర్స్‌లో పైలట్లకు సీపీఎస్ఎస్ అని కంప్యూటర్ మీద, మెషీన్ మీద పెట్టే ఒక పరీక్ష ఉంది. పాత రోజుల్లో పీఏబీటీ అనేవాళ్లు. అది జీవితంలో ఒక్కసారే. అందులో ఫెయిలైతే అక్కడ పైలట్ దారి మూసుకుపోయినట్టే. గ్రౌండ్ డ్యూటీ ఉంటుంది, ఆర్మీ ఉంటుంది, కానీ ఆ సీటు మాత్రం ఇక లేదు. ఊరికే ఎలా ఉంటుందో చూసొద్దాం అని వెళ్లే చోటు కాదు అది. అక్కడ డయల్స్ చదవడం ఎలాగో, సూచనలు ఎలా ఉంటాయో ముందే తెలుసుకుని వెళ్లండి.

దానికన్నా ముందు ఇంట్లో ఒక టేపు తీసుకోండి. ఎత్తు 162.5 సెంటీమీటర్లు ఉండాలి. గోడకి వీపు ఆనించి కూర్చుంటే తల దాకా 81.5 నుంచి 96 మధ్య రావాలి. కాలి పొడవు 99 నుంచి 120 మధ్య ఉండాలి. తొడ పొడవు 64 దాటకూడదు. మీ అన్నయ్యనో చెల్లెల్నో పట్టుకోమని చెప్పి కొలుచుకోండి. రంగులు సరిగ్గా గుర్తుపట్టగలరో లేదో కళ్ల డాక్టర్ దగ్గర ఒక్కసారి చూపించుకోండి. ఈ కొలతలు కుదరకపోతే మొదటి ప్రిఫరెన్స్ ఎయిర్ ఫోర్స్ పెట్టి ఏం లాభం? ఆ చోటు నేవీకో ఆర్మీకో ఇవ్వండి.

ఇక తమ్ముడి అసలు భయం, ఇంటర్వ్యూ. ఎస్‌ఎస్‌బీకి (ఇందాక చెప్పిన సెలక్షన్ బోర్డు) వెళ్లగానే పీఐక్యూ అని మన వివరాల ఫారం ఒకటి ఇస్తారు. ఊరు, ఊరి జనాభా, అమ్మానాన్నల చదువు, సంపాదన, పదో తరగతి నుంచి మార్కులు, ఆటలు, ఎన్‌సీసీ. ఆ తర్వాత ఏ సర్వీస్ కావాలి, ఇంతకుముందు ఏ ఎంట్రీలో, ఏ బోర్డుకి, ఎప్పుడు వెళ్లారు, అప్పటి చెస్ట్ నంబర్ (బోర్డులో మనకిచ్చే గుర్తింపు నంబర్) ఏంటి అని గడులు ఉంటాయి. ఇంటర్వ్యూ చేసే ఆఫీసర్ ఆ కాగితం ముందు పెట్టుకునే మాట్లాడతాడు. ఇంతకుముందు మైసూరు ఎయిర్ ఫోర్స్ బోర్డుకి వెళ్లి వచ్చి, ఇప్పుడు బెంగళూరులో ఆర్మీ బోర్డులో ఆ గడి ఖాళీగా వదిలేస్తే వచ్చే నష్టం ఎయిర్ ఫోర్స్‌కి వేశామని కాదు, దాచామని.

కొన్ని కోచింగ్ వాళ్లు ఒక డైలాగ్ నేర్పిస్తారు: "సర్, చిన్నప్పటి నుంచి ఆర్మీ అంటే ప్రాణం." బాగుంది. పీఐక్యూలో మొదటి ఎంపిక ఎయిర్ ఫోర్స్ అని ఉంటుంది! ఆఫీసర్ నవ్వుతాడు, అంతే. దానికన్నా "సర్, విమానం అంటే ఇష్టం, అందుకే అది ముందు పెట్టాను. సీపీఎస్ఎస్‌లో నెగ్గలేదు. యూనిఫాం వేసుకుని మనుషులను నడిపించే పని నాకు కావాలి, ఆర్మీలో ఆ పని ఇంకా ఎక్కువ ఉందనిపించింది" అని నిజం చెప్పండి. తర్వాత "ఏ ఆర్మ్, ఎందుకు" అని, అంటే ఆర్మీలో ఏ విభాగం కావాలని అడుగుతాడు. దానికి జవాబు ఉండాలి. మూడు సర్వీసులకీ వేస్తే మూడింటి గురించీ చదవాలి. శ్రీహరికోట ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోనే ఉంది కదా, అక్కడ ఏం జరుగుతుందో చెప్పలేని ఎయిర్ ఫోర్స్ అభ్యర్థిని ఎవరు నమ్ముతారు చెప్పండి. చిత్తూరోడివైతే తోతాపురి మామిడి, గుజ్జు ఫ్యాక్టరీలు, రైతుకి ధర, ఇవీ అడగొచ్చు.

ఇంకో మంచి విషయం, మూడు సర్వీసుల బోర్డులూ చూసేది ఒకే రకం ఆఫీసర్ లక్షణాలు. పద్ధతి కూడా దాదాపు ఒకటే: మొదటి రోజు స్క్రీనింగ్, తర్వాత సైకాలజీ, బయట గ్రూప్ టాస్క్‌లు, ఇంటర్వ్యూ, చివర్లో కాన్ఫరెన్స్. ఆర్మీకి పడిన కష్టం నేవీకి పనికొస్తుంది. సీడీఎస్ ఇంగ్లిష్, జీకే చదివినవాడికి ఏఎఫ్‌క్యాట్‌కి కొత్తగా చదవాల్సింది పెద్దగా ఉండదు, 100 ప్రశ్నలు, 300 మార్కులు, తప్పుకి ఒక మార్కు కోత.

చెల్లెళ్లు కూడా అడిగారు. సీడీఎస్‌లో ఆడపిల్లలకు ఉన్నది ఓటీఏ ఒక్కటే. అందుకే మీరు ఏఎఫ్‌క్యాట్, నేవీ షార్ట్ సర్వీస్, ఎన్‌సీసీ సీ సర్టిఫికెట్ ఉంటే ఆర్మీ ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీ, ఇవన్నీ తప్పకుండా వేయాలి. ఎన్‌సీసీ ఎంట్రీకి రాత పరీక్షే లేదు. ఇంటర్ చదివే చెల్లెళ్లకి ఎన్‌డీఏ, అంటే నేషనల్ డిఫెన్స్ అకాడమీ ఉంది. అమ్మాయిల మొదటి బ్యాచ్ అక్కడి నుంచి 2025లో బయటికొచ్చింది.

చివరిగా ఖర్చు సంగతి. ఒక రకం కమిషన్‌కి, అంటే ఒక రకం ఆఫీసర్ ఎంట్రీకి, మొదటిసారి ఎస్‌ఎస్‌బీకి వెళ్తే థర్డ్ ఏసీ రైలు చార్జీ రానూపోనూ ఇస్తారు. మైసూరుకి తిరుపతి నుంచి నేరుగా చామరాజనగర్ ఎక్స్‌ప్రెస్ ఉంది. టికెట్ పారేయకండి, ఫొటో తీసి ఉంచడంతో పాటు కాగితం కూడా దాచండి. బ్యాంక్ పాస్‌బుక్ కాపీ ఫైల్లో పెట్టుకోండి. పదో తరగతి మెమోలో పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ఈ వారమే చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి, కాల్ లెటర్ వచ్చాక పరిగెత్తడం కష్టం.