తట్టు అనగానే ముందు టీకాల కార్డు తీయండి

అందరికీ నమస్కారం. పక్క వీధిలో ఒక బాబుకి తట్టు పోసిందని తెలిస్తే మీరు మొదట ఏం చేస్తారు? చాలామంది తలుపులు వేసుకుంటారు. నేను మాత్రం ముందు బీరువాలోంచి పిల్లల టీకాల కార్డు తీయమంటాను.

మన ఇళ్లల్లో తట్టునీ ఆటలమ్మనీ కూడా 'అమ్మవారు పోసింది' అంటారు. గుమ్మానికి వేపమండలు కట్టి, బయటివాళ్లని రానివ్వరు. ఆ పద్ధతిని నేను తప్పుపట్టను. చదువు రానివాళ్లకి కూడా 'ఈ ఇంట్లోకి రావద్దు' అని తెలిపే గుర్తు అది. కానీ వేపమండ కట్టేసరికే ఆలస్యమైపోతుంది. ఒంటి మీద దద్దుర్లు కనబడడానికి 4 రోజుల ముందు నుంచే, కనబడ్డాక ఇంకో 4 రోజుల దాకా తట్టు అంటుకుంటుంది. ఆ ముందు రోజుల్లో ఉండేవి జ్వరం, దగ్గు, ముక్కు కారడం, కళ్లు ఎర్రబడడం, అంతే. జలుబే కదా అనుకుని బడికి పంపుతాం, పెళ్లికి తీసుకెళ్తాం. బిడ్డ దగ్గి బయటికి వెళ్లిపోయినా, ఆ గది గాలిలో వైరస్ 2 గంటల దాకా ఉండగలదు. రక్షణ లేనివాళ్లు పదిమంది దగ్గరగా మెలిగితే తొమ్మిదిమందికి రావచ్చు. చేతులు కడుక్కోవడం మంచిదే, కానీ దీనికి అదొక్కటే చాలదు.

అందుకే కార్డు. తట్టునే ఇంగ్లిషులో మీజిల్స్ అంటారు. మీజిల్స్ రుబెల్లా టీకా, అంటే ఎంఆర్, మొదటి డోసు 9 నెలలు నిండగానే, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య. ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. మొదటిది వేయించి, రెండోదానికి 'బాబు బాగానే ఉన్నాడుగా' అని ఊరుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. 9 నెలలప్పుడు వేసిన ఒక్క డోసుతో వందలో 15 మంది దాకా పిల్లలకి రక్షణ రాకపోవచ్చు. డోసు తప్పిపోతే ఆశా కార్యకర్తనో ఏఎన్ఎంనో అడగండి, ఆలస్యంగానైనా వేస్తారు. తట్టు ఉన్న బిడ్డతో కలిసి తిరిగినా, 72 గంటల్లోపు టీకా పడితే రక్షణ దొరికే అవకాశం ఉంది. గర్భిణులకి మాత్రం ఈ టీకా వేయరు. వాళ్లు రోగి దగ్గరికి వెళ్లి ఉంటే అదే రోజు డాక్టరుకి చెప్పాలి.

ఇక జబ్బు ఇంట్లోకి వచ్చేసిందనుకోండి. నాకు బాగా టెన్షన్ పెట్టేది పథ్యం. నూనె వద్దు, గుడ్డు వద్దు, పాలు వద్దు అని బిడ్డని చప్పిడి మెతుకులతో పడుకోబెడతారు. ప్రేమతోనే చేస్తారు, నాకు తెలుసు. కానీ తట్టులో ప్రాణం మీదికి తెచ్చేవి ఎక్కువగా న్యుమోనియా, విరేచనాలు. అసలే బలహీనంగా ఉన్న బిడ్డకి తిండి కూడా తగ్గిస్తే వాటిని తట్టుకునే శక్తి ఎక్కడిది? తల్లిపాలు ఆపకండి. పప్పన్నం, గుడ్డు, పెరుగు, పండు, ఏది తినగలిగితే అది కొంచెం కొంచెంగా పెట్టండి. నీళ్లు తాగిస్తూ ఉండండి. విటమిన్ ఏ డోసు గురించి డాక్టరుని తప్పకుండా అడగండి. వయసుని బట్టి వరసగా రెండు రోజులు ఇస్తారు, చూపు పోయే ప్రమాదం తగ్గుతుంది. అది మనంతట మనం కొని వేసేది కాదు. కళ్లలో ఆకు పసర్లు అసలు పోయవద్దు.

బిడ్డని గాలి వచ్చే గదిలో ఉంచండి. టీకా పూర్తయినవాళ్లో, ఇదివరకే తట్టు వచ్చి తగ్గినవాళ్లో ఒక్కరే చూసుకుంటే మేలు. ఎగఊపిరి, ఫిట్స్, లేపినా లేవనంత మగత, ఏమీ తాగలేకపోవడం, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రి అయినా బయలుదేరండి. అయితే ఆసుపత్రి గేటు దగ్గరే 'తట్టు అనుమానం' అని చెప్పి, విడిగా కూర్చోబెట్టమనండి. ఓపీ వరుసలో 9 నెలలు నిండని పసివాళ్లు ఉంటారు, వాళ్లకి ఇంకా ఈ టీకా పడలేదు.