పాత శ్మశానవాటికల సంరక్షణ: బ్రష్ పట్టుకునే ముందు (చర్చా కార్యక్రమం)

వ్యాఖ్యాత: నమస్కారం. పాత శ్మశానవాటికలను వాలంటీర్లే కాపాడుకుంటున్న చోట్లు చాలా ఉన్నాయి. రాతి కట్టడాల సంరక్షకురాలు, శాసనాల పరిశోధకుడు, వాలంటీర్ల సమన్వయకర్త మనతో ఉన్నారు. సూటిగా అడుగుతాను. సెలవురోజు పొద్దున్నే 20 మంది బకెట్లు, బ్రష్‌లు పట్టుకుని వచ్చారు. ఏం పని చెప్తారు?

సమన్వయకర్త: బకెట్లు పక్కన పెట్టి టేపు పట్టుకోమంటాను. అంతకంటే ముందు రాతపూర్వక అనుమతి ఉండాలి. నేల ఒకరిదీ, సమాధి ఇంకో కుటుంబానిదీ అయితే ఇద్దరినీ అడగాలి. తర్వాత మ్యాపు. ఫోన్‌లో జీపీఎస్ 3 నుంచి 5 మీటర్లు అటూఇటూ చూపిస్తుంది. సమాధుల మధ్య ఎడం చాలాచోట్ల ఒక్క మీటరే. ఫోన్‌ని నమ్ముకుంటే ఒకరి పేరు పక్కవాళ్ల ఖాతాలో పడుతుంది. అందుకని గేటు స్తంభం, ప్రహరీ మూల లాంటి కదలని గుర్తుల మధ్య తాడు లాగి, దాన్నుంచి కొలుస్తాం.

పరిశోధకుడు: ప్రతి రాయికీ ఒక నంబరు ఇవ్వాలి. ఆ నంబరు మ్యాపులోనే ఉండాలి, రాయి మీద రాయకూడదు. స్కేలు పక్కన పెట్టి నాలుగు వైపులా ఫొటోలు తీయాలి. రాత ఎలా ఉంటే అలాగే దించుకోవాలి. చెక్కినవాడు అక్షరం తప్పు చెక్కితే తప్పుతోనే రాయాలి. పంక్తి విరిగినచోట గీత, చదవలేనిచోట చుక్కలు. ఊహించి నింపారా, తర్వాత వచ్చేవాళ్లు దాన్నే నిజమనుకుంటారు.

వ్యాఖ్యాత: అరిగిపోయిన అక్షరాల మీద సుద్దముక్క రుద్దితే తేలతాయంటారు కదా?

సంరక్షకురాలు: దయచేసి ఆ పని చేయొద్దు. సుద్ద రుద్దితే మెత్తబడిన రాతికి గీతలు పడతాయి. పొడి రాతి రంధ్రాల్లో ఇరుక్కుపోతుంది. షేవింగ్ క్రీమ్ పూసేవాళ్లూ ఉన్నారు, అందులో స్టియరిక్ ఆమ్లం ఉంటుంది, అదీ రాతికి చేటే.

పరిశోధకుడు: వెలుతురు చాలు. పెద్ద అద్దంతో ఎండను మళ్లించి, రాతి ముఖాన్ని రాసుకుంటూ పోయేలా పక్కనుంచి పడేయండి. చెక్కిన గాట్లలో నీడ నిలుస్తుంది. మబ్బుగా ఉంటే టార్చి. అయితే ఒక్క వైపు నుంచి చూసి వదిలేయొద్దు. పక్కనుంచి వెలుగు పడితే అడ్డగీతలు దాక్కుంటాయి, పైనుంచి పడితే నిలువు గీతలు దాక్కుంటాయి. అడ్డగీత కనపడక 7ని 1గా చదివేస్తారు.

వ్యాఖ్యాత: ఇప్పుడైనా కడగొచ్చా?

సంరక్షకురాలు: కడగాల్సిన అవసరం ఉందా అని ముందు చూడండి. పాతబడి రంగు మారినంత మాత్రాన అది మురికి రాయి కాదు. వేలి కణుపుతో మెల్లగా తట్టండి. డొల్ల శబ్దం వచ్చిందంటే పైపొర విడిపోయినట్టే. ఇసుకరాయిలో ఇది ఎక్కువ, ముఖ్యంగా దాని పొరలు ముఖానికి సమాంతరంగా ఉండేలా నిలబెట్టినప్పుడు పెచ్చులు పెచ్చులుగా ఊడొస్తుంది. పాలరాయిని తాకితే పంచదారలా రవ్వలు రాలుతున్నాయా? ఆ రాయి జోలికీ పోవద్దు.

గట్టిగా ఉన్నదాన్ని ముందు మంచినీళ్లతో బాగా నాననివ్వాలి. పొడి రాయి మురికినీళ్లను లోపలికి పీల్చేస్తుంది. మెత్తటి నైలాన్ బ్రష్‌తో కింది నుంచి పైకి రుద్దాలి. పైనుంచి మొదలుపెడితే మురికి కారి, కింది పొడి భాగంలో చారలు పడతాయి. నాచు, పాకుడు ఉంటే రాళ్ల కోసమే తయారుచేసిన క్వాటర్నరీ అమ్మోనియం మందు కొట్టి, ఆరనివ్వకుండా 10 నుంచి 15 నిమిషాలు ఉంచి, మెల్లగా రుద్ది కడిగేయాలి. ముందు వెనకవైపు కింద ఒక మూల పరీక్షించి చూడాలి. మిగిలిన నలుపు కొన్ని వారాల్లో వానకూ ఎండకూ తేలిపోతుంది. ఆ ఓపిక లేక మళ్లీ మళ్లీ రుద్దుతారు చూడండి, నష్టమంతా అక్కడే.

సమన్వయకర్త: ఇంట్లోంచి బ్లీచింగ్ పట్టుకొచ్చేవాళ్లు ప్రతి బృందంలోనూ ఉంటారు.

సంరక్షకురాలు: బ్లీచింగ్ తాలూకు లవణాలు రాతిలోపల ఉండిపోయి, స్ఫటికాలుగా మారి, రాతిని లోపల్నుంచి పొడి చేస్తాయి. వెనిగర్, యాసిడ్ అయితే ఇంకా ఘోరం. పాలరాయి, సున్నపురాయి కాల్షియం కార్బొనేట్ కాబట్టి మురికితోపాటు అక్షరాలూ కరుగుతాయి. వైరు బ్రష్ ఇనుప రజను వదిలి తుప్పు మరకలు తెస్తుంది. ప్రెషర్ వాషర్‌ని ఆవరణలోకే రానివ్వకండి.

వ్యాఖ్యాత: పడిపోయిన రాళ్లను నలుగురు కలిసి లేపేస్తుంటారు. పర్వాలేదా?

సమన్వయకర్త: బరువు లెక్కేస్తే ఆ ధైర్యం రాదు. గ్రానైటైనా పాలరాయైనా ఘనపు మీటరుకు దాదాపు 2,700 కిలోలు. మీటరు ఎత్తు, 60 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల మందం ఉన్న మామూలు పలకే 160 కిలోలు దాటుతుంది. ముక్కాలి స్టాండు, చైన్ పుల్లీ, రెండు గుడ్డ బెల్టులు కావాలి. గొలుసు నేరుగా వేస్తే అంచులు పగులుతాయి. గుంట అడుగున 10 సెంటీమీటర్లు కంకర పోసి దిమ్మిసతో కొట్టాలి. పలకను దించి, రసమట్టంతో సరిచూసి, మట్టీ కంకరా కలిపి 10 సెంటీమీటర్ల చొప్పున పొరలుగా కూరాలి. కాంక్రీటు పోయొద్దు. నేల కదిలినప్పుడు పలక సరిగ్గా కాంక్రీటు అంచు దగ్గరే విరుగుతుంది.

సంరక్షకురాలు: అతుకులకు సిమెంటు కూడా అంతే. రాయి కన్నా గట్టిగా ఉండి తేమను లోపలే బిగబడుతుంది, చివరికి అతుకు నిలిచి పక్క రాయి పోతుంది. సున్నం ఒక వంతు, ఇసుక మూడు వంతులు కలిపి, తడి గోనెలు కప్పి కొన్ని రోజులు ఆరకుండా చూడాలి. రాతి ముక్కలను కలిపి ఉంచే పాత ఇనుప సీకులు తుప్పుపట్టి ఉబ్బి రాతిని చీల్చుతాయి. వాటి బదులు స్టెయిన్‌లెస్ స్టీలువి వాడాలి.

వ్యాఖ్యాత: మాసిపోయిన పేర్లను మళ్లీ చెక్కించొచ్చా?

పరిశోధకుడు: నేను ఒప్పుకోను. ఊహ మొదలయ్యేచోట పునరుద్ధరణ ఆగిపోవాలని పాత కట్టడాల సంరక్షణ మీద 1964లో వచ్చిన అంతర్జాతీయ నియమావళి, వెనిస్ చార్టర్ చెప్తుంది. ఉలి పడితే మొదటి శిల్పి చేతిరాత పోతుంది.

సమన్వయకర్త: అందరిదీ ఆ దారి కాదండీ. 1917లో ఏర్పడిన కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ సైనికుల పేర్లను మళ్లీ చెక్కిస్తుంది.

పరిశోధకుడు: వాళ్ల దగ్గర ప్రతి పేరుకీ రికార్డు ఉంది. ఒకే నమూనా రాళ్లు, పేరు చదవగలిగేలా ఉండటమే వాటి పని. మామూలు శ్మశానంలో ఆధారం తరచూ ఆ రాయే. చదివినంత ఒక చిన్న పలక మీద రాయించి పక్కన పెట్టండి.

వ్యాఖ్యాత: చివరిగా, గడ్డి. కలుపు మందు కొట్టేస్తే పోలేదా?

సమన్వయకర్త: కొట్టినచోట నేల బోడిగా మారి, వానకు మట్టి చింది రాతి మీద పడుతుంది, మొదలు దగ్గర నేల కోసుకుపోతుంది. మందులోని లవణాలు రాతిలోకీ ఎక్కుతాయి. గడ్డి కోసే మెషిన్ తాడు తగిలినా మెత్తటి రాయి మొదట్లో గాడి పడుతుంది. రాయి చుట్టూ 15 సెంటీమీటర్లు చేతి కత్తెరతోనే కత్తిరించాలి. తీగలు పాకితే లాగొద్దు. మొదట్లో నరికి ఎండనిస్తే, పట్టు వదిలాక తేలిగ్గా వస్తాయి. మొదలు కోసుకుపోయి రాయి ఒరిగిందంటే మాత్రం మళ్లీ ఆ చైన్ పుల్లీ తెచ్చుకోవాల్సిందే.