ఫోర్‌ట్రాన్ నుంచి అడా దాకా: పేర్లు ఎలా వచ్చాయి

అందరికీ నమస్కారం.

ప్రోగ్రామింగ్ క్లాసులో భాష పేరు బోర్డు మీద రాసి, వెంటనే సింటాక్స్‌లోకి వెళ్లిపోతారు. ఆ పేరు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో సిలబస్‌లో ఉండదు. ఉండాలని నేను గట్టిగా అంటాను. తొలి భాషలు ఎవరి కోసం పుట్టాయో వాటి పేర్లలోనే కనిపిస్తుంది.

1954లో ఐబీఎంలో జాన్ బ్యాకస్ బృందం ఒక నివేదిక రాసింది. గణిత సూత్రాన్ని దాదాపు సూత్రంలాగే రాయండి, దాన్ని మెషిన్ కోడ్‌లోకి మార్చే పని కంప్యూటరే చూసుకుంటుంది అన్నారు. ఫార్ములా ట్రాన్స్‌లేటింగ్ సిస్టమ్, అదే ఫోర్‌ట్రాన్. చేత్తో రాసిన కోడ్‌తో, ఇలా మార్చిపెట్టే ప్రోగ్రామ్ అయిన కంపైలర్ పోటీపడగలదని అప్పట్లో చాలామంది నమ్మలేదు. 1957లో ఐబీఎం 704 మీద పోటీపడి చూపించింది.

1959లో వచ్చిన కోబాల్ పూర్తి పేరు కామన్ బిజినెస్ ఓరియెంటెడ్ లాంగ్వేజ్. అందులో 'కామన్' అన్నదే అసలు సంగతి. ఏ కంపెనీ మెషిన్ కొన్నా అదే ప్రోగ్రామ్ నడవాలి. అందుకోసం అమెరికా రక్షణ శాఖ పిలిస్తే, పోటీ కంపెనీలన్నీ కలిసి కూర్చున్నాయి.

ఇక మన కాలేజీల్లో అందరూ నేర్చుకునే సి. దాని మూలం ఇంగ్లండ్‌లో ఉంది. 1960ల మొదట్లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం వాళ్లు సీపీఎల్, అంటే కేంబ్రిడ్జ్ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్, మొదలుపెట్టారు. మొదటి అక్షరం కేంబ్రిడ్జ్‌ది. లండన్ విశ్వవిద్యాలయం వాళ్లు కలిశాక అదే అక్షరానికి 'కంబైన్డ్' అని అర్థం చెప్పుకున్నారు. భాష మరీ పెద్దదైపోయింది. 1967లో మార్టిన్ రిచర్డ్స్ దాన్ని బాగా తగ్గించి బీసీపీఎల్ చేశాడు, అంటే బేసిక్ సీపీఎల్. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ దగ్గరున్న పీడీపీ-7 అనే చిన్న కంప్యూటర్‌లో అదీ పట్టదు. ఇంకా కుదించి బి చేశాడు. దాన్ని పెంచి డెనిస్ రిచీ 1972 నాటికి సి తయారుచేశాడు. బి తర్వాత సి అక్షరమాల వరసా, బీసీపీఎల్‌లోని అక్షరాల వరసా? అంటే తర్వాతిది డి కావాలా, పి కావాలా? రిచీ కావాలనే తేల్చకుండా వదిలేశాడు. 1983లో సి నుంచి పెరిగిన కొత్త భాషకు రిక్ మాసిట్టి ఈ రెండు దారులూ కాదని, సిలో విలువను ఒకటి పెంచే ++ గుర్తునే తగిలించి సి ప్లస్ ప్లస్ అన్నాడు.

మనుషుల పేర్లు పెట్టడం మరో దారి. 1970లో నిక్లౌస్ విర్త్ తన భాషకు, కూడికల యంత్రం చేసిన పాస్కల్ పేరు పెట్టాడు. నాకు అంతకన్నా ఇష్టమైనది అడా. అమెరికా రక్షణ శాఖ పోటీ పెట్టినప్పుడు జట్లకు రంగుల పేర్లే ఉండేవి. జాన్ ఇష్బియా నడిపిన 'గ్రీన్' గెలిచింది. దానికి అడా లవ్‌లేస్ పేరు ఖాయం చేశారు. చార్లెస్ బాబేజ్ ఊహించిన లెక్కల యంత్రం మీద బెర్నూలీ సంఖ్యలను ఎలా లెక్కకట్టాలో 1843లోనే అంచెలంచెలుగా రాసిన మనిషి ఆమె. ఊరికే పేరు వాడేసుకోలేదు, ఆమె వంశంలోని లార్డ్ లిటన్ అనుమతి అడిగారు. ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు.

భాష ప్రమాణ పత్రం మీద వేసిన తేదీ 1980 డిసెంబర్ 10, అడా పుట్టినరోజు. పత్రం నంబరు 1815, ఆమె పుట్టిన సంవత్సరం.