సంపు, మోటారు, సూర్యుడు

అందరికీ నమస్కారం.

2014 అక్టోబరు 12. విశాఖకు హుద్‌హుద్ తుపాను వచ్చిన ఆదివారం. గాలి తగ్గాక మా వీధిలో అందరూ ముందు కరెంటు గురించే బెంగపడ్డారు. మర్నాటికి ఆ బెంగ నీళ్ల మీదికి మళ్లింది. సంపు నిండా నీళ్లున్నాయి, పైకి ఎక్కించే మోటారుకు కరెంటు లేదు. మా అమ్మ మూడో అంతస్తుకు బిందెలు మోసింది. నీళ్లు, కరెంటు వేర్వేరు విషయాలు కావని నాకు ఆ మెట్ల మీదే తెలిసొచ్చింది.

ఆ తర్వాత నేను ఎక్కువగా చదివింది రెండు ఎడారి ఊళ్ల గురించి. రియో గ్రాండే నదికి ఇవతల అమెరికాలోని ఎల్ పాసో, అవతల మెక్సికోలోని హువారెజ్. 2020 జనాభా లెక్కల్లో ఎల్ పాసోలో దాదాపు 6.8 లక్షల మంది, హువారెజ్‌లో 15 లక్షల పైచిలుకు. వాన ఏడాది మొత్తానికి 22 సెంటీమీటర్ల దాకా. మన దగ్గర ఒక గట్టి వాయుగుండం మూడు రోజుల్లో కురిపించే వాన అది!

నది నీటికి 1906లోనే ఒప్పందం ఉంది. ఏటా 60,000 ఎకరా అడుగులు, అంటే మన లెక్కలో సుమారు 2.6 టీఎంసీలు మెక్సికోకు ఇవ్వాలి. కరువొస్తే అందులోనూ కోత పడుతుంది. భూగర్భ జలాలకు మాత్రం రెండు దేశాల మధ్య అలాంటి పంపకమే లేదు. హ్యూకో బోల్సన్ అనే ఒకే నీటి పొర మీద రెండు ఊళ్లూ బోర్లు వేసి తోడుకుంటున్నాయి. పక్కపక్క ఇళ్లవాళ్లు పోటీపడి బోర్లు వేసుకుంటే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. తియ్యటి నీరు తరిగేకొద్దీ ఉప్పునీరు చొరబడుతుంది.

అందుకే ఎల్ పాసోలో 2007లో ఆ ఉప్పు బోరు నీటిని శుద్ధి చేసే పెద్ద ప్లాంటు పెట్టారు. పూర్తిగా నడిస్తే రోజుకు పది కోట్ల లీటర్ల పైనే ఇస్తుంది. మిగిలిన చిక్కటి ఉప్పునీటిని పైపుల్లో దూరంగా తీసుకెళ్లి లోతైన బావుల్లోకి దింపుతారు. వీటన్నిటికీ కరెంటు కావాలి. వెయ్యి లీటర్ల ఉప్పు బోరు నీటి శుద్ధికి ఒకటి రెండు యూనిట్లు పడుతుంది. సముద్రపు నీటికైతే మూడు నాలుగు. వేసవి రాగానే విశాఖలో "సముద్రం పక్కనే ఉంది కదా" అనేవాళ్లు ఈ యూనిట్లు కూడా లెక్క వేయాలి.

ఎడారిలో ఎండకు కొదవ లేదు. బొగ్గు కరెంటుకు చల్లబరచడానికి నీళ్లు కావాలి, సోలార్ పలకలకు దుమ్ము కడగడానికి తప్ప పెద్దగా అక్కర్లేదు. అయితే ఎండ పగలే ఉంటుంది, దాహం రాత్రి కూడా వేస్తుంది. ఇక్కడే నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. కరెంటును బ్యాటరీలో దాచడం ఖరీదు, నీళ్లను ట్యాంకులో దాచడం చౌక. మిట్టమధ్యాహ్నం సోలార్ మిగిలినప్పుడు పంపులు వేసి ట్యాంకులు నింపుకుంటే, ఆ ఎండనే రాత్రి కుళాయిలో తిప్పుకున్నట్టు. శుద్ధి ప్లాంటును మాత్రం అలా మాటిమాటికీ ఆపడం, మళ్లీ వేయడం కుదరదు, ఉప్పును వడకట్టే దాని పలుచని పొరలు పాడవుతాయి. దాన్ని నిలకడగా నడపాలి, పంపుల వేళలు మార్చాలి. నీళ్ల ఇంజినీరు, కరెంటు ఇంజినీరు ఒకే బల్ల దగ్గర కూర్చుంటే తప్ప ఈ లెక్క తేలదు. అక్కడ ఆ బల్లకు రెండు వైపులా రెండు దేశాలున్నాయి, అదే కష్టం.

మనకు అంత కష్టం లేదు. విశాఖలోని ముడసర్లోవ జలాశయం మీద 2 మెగావాట్ల తేలే సోలార్ ఉంది. సింహాద్రి థర్మల్ ప్లాంటు జలాశయం మీద 2021లో 25 మెగావాట్లు వచ్చాయి. పలకల నీడలో నీరు ఆవిరి కావడం తగ్గుతుంది, నీటి చల్లదనానికి పలకలు ఇంకాస్త బాగా పనిచేస్తాయి. ఒకే చోట రెండు లాభాలు.

మా అపార్ట్‌మెంట్‌లో మేడ మీద సోలార్ ఉన్నా మోటారు మాత్రం సాయంత్రం ఆరింటికే వేసేవారు, ఊరంతా లైట్లు వేసుకునే వేళకు. వాచ్‌మన్ బాబాయ్‌తో మాట్లాడి దాన్ని మధ్యాహ్నం పన్నెండుకు మార్చాం. దానికి పైసా ఖర్చు కాలేదు. ఈ రాత్రి ఇంటికెళ్లాక మీ మోటారు ఎన్నింటికి వేస్తున్నారో ఒకసారి అడగండి.