మోకాలి మార్పిడికి ఇండియా వెళితే: ప్యాకేజీ దాటాక ఎంతవుతుంది?

అందరికీ నమస్కారం.

అమ్మకో నాన్నకో మోకాళ్ళలో గుజ్జు పూర్తిగా అరిగిపోయిందని డాక్టరు చెప్పగానే అమెరికాలోని మన ఇళ్ళలో మొదలయ్యే లెక్క ఒకటే. "ఇక్కడ నలభై యాభై వేల డాలర్ల బిల్లట. హైదరాబాదులో మూడు లక్షల్లో అయిపోతుంది. టికెట్లతో కలిపినా ఆరు వేలు దాటదు." ఈ రెండు అంకెలూ అబద్ధం కావు. కాకపోతే మొదటిది మీ జేబులోంచి పోయే డబ్బు కాదు, రెండోది మొత్తం ఖర్చూ కాదు.

ముందు అమెరికా వైపు చూద్దాం. ఇక్కడ మోకాలి మార్పిడికి ఒక ధరంటూ లేదు. బ్లూ క్రాస్ బ్లూ షీల్డ్ 2015లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఒక్క డాలస్‌లోనే ఆసుపత్రిని బట్టి 16,772 డాలర్ల నుంచి 61,585 డాలర్ల దాకా ఉంది. కాబట్టి బిల్లు ఎంతని కాదు, అందులో మీరు కట్టేది ఎంతని అడగాలి. మెడికేర్ (అరవై అయిదు దాటినవారికి అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్) ఉన్నవారికి 2025 లెక్కన ఆసుపత్రిలో చేరితే పార్ట్ ఎ కింద 1,676 డాలర్లు, సర్జన్ ఫీజు వంటి వాటికి పార్ట్ బి కింద ఇరవై శాతం. మెడిగ్యాప్ (మెడికేర్ వదిలేసినదాన్ని కట్టే అదనపు ఇన్సూరెన్స్) ఉంటే అందులోనూ చాలా భాగం అదే కడుతుంది. అదే మెడికేర్, అరుదైన కొన్ని సందర్భాల్లో తప్ప, దేశం బయట చేయించుకున్న వైద్యానికి ఒక్క డాలరూ ఇవ్వదు. మెడికేర్ ఉన్న మనిషి డబ్బు ఆదా కోసం ఇండియా వెళ్ళడంలో అర్థం లేదు. అక్కడ చూసుకునే మనుషులున్నారనో, తెలిసిన సర్జన్ ఉన్నాడనో వెళితే అది వేరే మాట.

గ్రీన్‌కార్డు వచ్చి అయిదేళ్ళు నిండని తల్లిదండ్రుల సంగతి వేరు. వాళ్ళు మెడికేర్‌లో చేరలేరు. ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో ఇన్సూరెన్స్ కొనుక్కోవచ్చు, వయసు అడ్డు కాదు. 2025లో అలాంటి ప్లాన్లలో ఒక మనిషి ఏడాదికి నెట్‌వర్క్ లోపల కట్టాల్సిన గరిష్ఠ మొత్తం 9,200 డాలర్లు. ప్రీమియం అదనం. ఈ 9,200ని గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం. విజిటర్ వీసా మీద వచ్చినవారికైతే చర్చే అక్కర్లేదు. పాత మోకాలి నొప్పిని విజిటర్ ఇన్సూరెన్స్ ముందునుంచీ ఉన్న జబ్బు కింద తీసేస్తుంది. వాళ్ళు ఇండియాలోనే చేయించుకుని, కోలుకున్నాకే ఇక్కడికి రావాలి.

ఇప్పుడు హైదరాబాదు ప్యాకేజీలో ఏముందో విప్పి చూద్దాం. ఇంప్లాంటులో నాలుగు భాగాలుంటాయి. తొడ ఎముక చివరకు తొడిగేది, కాలి ఎముక మీద కూర్చునే పళ్ళెం, ఆ రెంటి మధ్య ప్లాస్టిక్ ఇన్సర్ట్, చిప్ప వెనక అతికించే చిన్న బిళ్ళ. 2017 ఆగస్టులో ఇండియాలో ఔషధ ధరల సంస్థ ఎన్‌పీపీఏ వీటికి గరిష్ఠ ధర కట్టింది. కోబాల్ట్ క్రోమియం రకానికి వరసగా 24,090, 16,990, 9,550, 4,090 రూపాయలు. మొత్తం 54,720, మీద జీఎస్టీ. అంతకుముందు అదే ఇంప్లాంటు సగటు ఎమ్మార్పీ లక్షా యాభై ఎనిమిది వేలు. తర్వాత ఆ అంకెల్లో కొద్దిపాటి మార్పులు వచ్చాయి కాబట్టి మీరు వెళ్ళేనాటి ధర అడిగి తెలుసుకోండి. ఆ ఉత్తర్వు మోకాలికే. తుంటి ఇంప్లాంటును దాంతో పోల్చుకుని బేరం ఆడకండి.

అంటే మూడు లక్షల ప్యాకేజీలో ఇంప్లాంటు వాటా అయిదో వంతు. మిగతాది గది, ఓటీ (ఆపరేషన్ థియేటర్), సర్జన్, మత్తు డాక్టరు, మందులు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. షేరింగ్ గదికి చెప్పిన ధర చూసుకుని, చేరే రోజు సింగిల్ గది తీసుకుంటారు. పెరిగేది గది అద్దె ఒక్కటే అనుకుంటారు. చాలా ఆసుపత్రుల్లో గది తరగతిని బట్టి సర్జన్ ఫీజు, ఓటీ చార్జీ కూడా పెరుగుతాయి. ఐసీయూ కాని గదికి రోజుకు అయిదు వేలు దాటితే జీఎస్టీ అదనం. ఆపరేషన్‌కు ముందు చేసే ఎకో (గుండె స్కాన్), గుండె డాక్టరు సలహా, రక్తం ఎక్కించాల్సి వస్తే దాని చార్జీ, అనుకున్న నాలుగు రోజుల మీద పడే ప్రతి రోజూ సాధారణంగా ప్యాకేజీ బయటే. విదేశీ పాస్‌పోర్టు చూపిస్తే వేరే టారిఫ్ తీసే ఆసుపత్రులున్నాయి. ఓసీఐ కార్డున్నవారికి ఏ టారిఫ్ వేస్తారో బయల్దేరక ముందే ఈమెయిల్లో రాయించుకోండి. ఫోన్లో కోఆర్డినేటర్ చెప్పిన మాట బిల్లింగ్ కౌంటర్‌లో చెల్లదు.

"గోల్డ్" మోకాలు అని ఒకటి అమ్ముతారు. పైన టైటానియం నైట్రైడ్ పూత ఉంటుంది, లోహం పడని వారికి పనికొస్తుంది. ముప్ఫై ఏళ్ళు వస్తుందని చెబితే నమ్మకండి. లోపల అరిగేది ప్లాస్టిక్ ఇన్సర్ట్, దానికి పూత పూయరు. మామూలు ఇంప్లాంట్లే ఎక్కువగా పాతికేళ్ళు నిలుస్తున్నాయి. 2019లో లాన్సెట్‌లో వచ్చిన లెక్కల ప్రకారం నూటికి ఎనభై రెండు మోకాళ్ళు. రోబో సాయంతో ఆపరేషన్ చేస్తామని వేసే చార్జీ కూడా ఇలాంటి అదనమే. ఎముక కోత కొలతలు మరింత కచ్చితంగా వస్తాయి. సర్జన్ చేయి తిరిగినవాడైతే నడకలో దాని వల్ల పెద్ద తేడా కనిపించదు.

ఇక అసలు ఖర్చు, వారాల ఖర్చు. ఆసుపత్రిలో నాలుగైదు రోజులు. పన్నెండు నుంచి పద్నాలుగో రోజు మధ్య కుట్లో స్టేపుల్సో తీస్తారు. అక్కడితో అయిపోయిందని టికెట్ బుక్ చేసుకునేవాళ్ళున్నారు. ఆపరేషన్ తర్వాత కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం మొదటి వారాల్లోనే ఎక్కువ. ఇరవై నాలుగు గంటలు కూర్చుని చేసే ప్రయాణం దానికి తోడు. అందుకే దూర ప్రయాణానికి కనీసం ఆరు వారాలు ఆగమంటారు, ఇదివరకు గడ్డకట్టిన చరిత్ర ఉంటే మూడు నెలలు.

ఆ ఆరు వారాలూ ఖాళీగా ఉండే రోజులు కావు. మోకాలు వంగేది అప్పుడే. రెండు వారాలకు తొంభై డిగ్రీలు రావాలి, ఆరు వారాలకు నూట పది దాటాలి. మెట్లు దిగడానికి, చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేవడానికి అంత వంపు అవసరం. వంగడం ఒక్కటే కాదు, పూర్తిగా చాపడమూ రావాలి. పడుకున్నప్పుడు మోకాలి కింద దిండు పెట్టే ప్రేమ వద్దు. హాయిగానే ఉంటుంది గానీ అలవాటైతే కాలు అయిదు పది డిగ్రీల వంపులోనే బిగుసుకుపోయి, నడక కుంటి నడక అవుతుంది. దిండు మడమ కింద పెట్టాలి. ఆరు వారాలు దాటినా తొంభై దగ్గరే ఆగిపోతే మళ్ళీ మత్తిచ్చి మోకాలిని వంచాల్సి వస్తుంది. అది మూడు నెలల లోపైతేనే బాగా పనిచేస్తుంది. ఆ సమయానికి మీరు అమెరికా వచ్చేసి ఉంటే, తను చేయని మోకాలిని వంచడానికి ఇక్కడి సర్జన్ అంత తేలిగ్గా ఒప్పుకోడు.

ఒక లెక్క కడదాం. డాలర్‌కు 85 రూపాయలు, ఒక మోకాలు, తల్లితో కూతురు వెళ్ళిందనుకుందాం. ప్యాకేజీ మూడు లక్షలు. ప్యాకేజీ బయటి పరీక్షలు, మందులు నలభై వేలు. సర్వీస్ అపార్ట్‌మెంట్ రోజుకు మూడు వేల చొప్పున 45 రోజులకు లక్షా ముప్ఫై అయిదు వేలు. పగటి ఆయమ్మకు రోజుకు వెయ్యి చొప్పున నలభై అయిదు వేలు. ఇంటికొచ్చే ఫిజియోకు 800 చొప్పున 36 సార్లకు 28,800. వాకర్, ఎత్తు కమోడ్ సీటు, స్టాకింగ్స్, ఐస్ ప్యాక్‌లు పది వేలు. మొత్తం 5,58,800 రూపాయలు, అంటే సుమారు 6,570 డాలర్లు. ఇద్దరి టికెట్లు మూడు వేలు కలిపితే 9,570. ఇందాకటి 9,200 దాటిపోయింది. సొంత ఇల్లుంటే ఎనిమిది వేల దగ్గర ఆగుతుంది. ఇప్పటికే ఇన్సూరెన్స్ ఉన్నవారికి ఆదా అంటూ పెద్దగా మిగల్లేదు. లేనివారికి మాత్రం ఇప్పటికీ ఇండియానే చవక.

ఇందులో కూతురి జీతం వేయలేదు. ఆరు వారాలు జీతం లేని సెలవు పెడితే, వారానికి రెండు వేల డాలర్లు వచ్చే మనిషికి పన్నెండు వేలు. పట్టికలో అన్నిటికన్నా పెద్ద అంకె ఇదే, ఎవరూ రాసుకోనిదీ ఇదే. ఎఫ్ఎమ్ఎల్ఏ చట్టం కింద ఏడాదికి పన్నెండు వారాలు ఉద్యోగం పోకుండా సెలవు దొరుకుతుంది గానీ జీతం రాదు. పైగా అది సొంత తల్లిదండ్రులకే, అత్తమామలకు వర్తించదు. అల్లుడు వెళ్ళినా కోడలు వెళ్ళినా ఆ రక్షణ లేదు. టికెట్ కొనక ముందే హెచ్ఆర్‌ను అడగండి.

"ఎలాగూ వెళ్తున్నాం, రెండూ ఒకేసారి చేయించేద్దాం" అన్న మాట ఇక్కడే వస్తుంది. టికెట్లు, అపార్ట్‌మెంట్, సెలవు అన్నీ ఒకటే కాబట్టి డబ్బు పరంగా అది నిజం. శరీరం పరంగా రక్తం ఎక్కించాల్సిన అవసరం, గుండె మీద, ఊపిరితిత్తుల మీద భారం పెరుగుతాయి. డెబ్బై అయిదు దాటినవారు, స్టెంట్ పడినవారు, షుగర్ అదుపులో లేనివారు టికెట్ ధర చూసి ఈ నిర్ణయం తీసుకోకూడదు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) ఏడున్నర, ఎనిమిది దాటి ఉంటే ఒక మోకాలికైనా ముందు దాన్ని దించుకునే వెళ్ళాలి. అక్కడికెళ్ళాక వాయిదా పడితే ఆ వారాలన్నీ అపార్ట్‌మెంట్ అద్దె. పిప్పి పళ్ళు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కూడా బయల్దేరక ముందే చూపించుకోవాలి. రెండు మోకాళ్ళూ మూడు నెలల తేడాతో చేయించుకుంటే గ్రీన్‌కార్డువారు ఇంకొకటి చూసుకోవాలి. ఆరు నెలలు దాటి బయట ఉంటే సిటిజన్‌షిప్‌కు కావలసిన నిరంతర నివాసం తెగినట్టు భావిస్తారు.

అన్నిటికన్నా ఖరీదైనది ఇన్‌ఫెక్షన్. నూటికి ఒకరిద్దరికి వస్తుంది, ఏ దేశంలోనైనా. వారం దాటినా గాయం నుంచి తడి వస్తుంటే, తగ్గుతున్న నొప్పి మళ్ళీ పెరిగితే అనుమానించాలి. అమెరికా వచ్చాక ఇలా అయితే అర్జెంట్ కేర్‌లో యాంటీబయాటిక్ మాత్రలు రాయించుకుని మింగకండి. ముందు మోకాలి నీరు సూదితో తీసి కల్చర్‌కు పంపాలి. మాత్రలు పడ్డాక అది ఏ క్రిమో తేలకపోవచ్చు. లక్షణాలు మొదలైన మూడు నాలుగు వారాల్లో దొరికితే మోకాలు తెరిచి కడిగి, ప్లాస్టిక్ ఇన్సర్ట్ ఒక్కటి మార్చి మిగతా ఇంప్లాంటును కాపాడవచ్చు. ఆలస్యమైతే మొత్తం తీసేసి, యాంటీబయాటిక్ కలిపిన సిమెంట్ ముద్ద పెట్టి, సుమారు ఆరు వారాలు మందులు వాడి, రెండోసారి కొత్తది పెట్టాలి. ఇన్సూరెన్స్ లేకుండా ఆ రెండు ఆపరేషన్లూ ఇక్కడ చేయించుకుంటే ఇండియాలో ఆదా చేసింది ఏ మూలకూ రాదు. ఇన్సూరెన్స్ లేనివారు మళ్ళీ ఇండియా వెళ్ళిరావడానికి ఒక టికెట్ డబ్బు, ఒక రివిజన్ (పాత ఇంప్లాంటు తీసి కొత్తది పెట్టే ఆపరేషన్) డబ్బు విడిగా పెట్టుకునే వెళ్ళాలి. రివిజన్ ఇంప్లాంటుకు 2017లో కట్టిన ధరే 1,13,950, మామూలు దానికి రెట్టింపు.

ఆ ప్లాస్టిక్ ఇన్సర్ట్ అదే బ్రాండు, అదే సైజు అయితేనే కూర్చుంటుంది. అందుకని రెండు పనులు చేయాలి. ఇండియాలో మాత్రమే అమ్మే ఇంప్లాంటు ఎంత మంచిదైనా, అమెరికాలో బతికే మనిషికి పెట్టించవద్దు. రెండు దేశాల్లో దొరికే కంపెనీది, అదే మోడల్‌ది అడగండి. రెండోది, ఇంప్లాంటు డబ్బాల మీది స్టిక్కర్లు. ఒక్కో భాగానికి ఒక స్టిక్కర్, దాని మీద రెఫ్ (మోడల్) నంబరు, లాట్ (తయారీ బ్యాచ్) నంబరు ఉంటాయి. ఒక సెట్టు కేస్ షీటులో అంటిస్తారు, ఇంకో సెట్టు మీ డిశ్చార్జి ఫైలులో అంటించమని ఆపరేషన్‌కు ముందు రోజే చెప్పండి. 2010లో ఏఎస్ఆర్ తుంటి ఇంప్లాంట్లను ప్రపంచమంతా వెనక్కి పిలిచినప్పుడు, తన ఒంట్లో ఉన్నది అదేనో కాదో రోగికి తేల్చిచెప్పగలిగేవి ఈ నంబర్లే.

డబ్బు కట్టేటప్పుడు ఒక జాగ్రత్త. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ఒక చికిత్సకు రెండు లక్షలు, అంతకు మించి నగదుగా ఆసుపత్రి తీసుకోకూడదు. అమెరికా క్రెడిట్ కార్డుకు విదేశీ లావాదేవీ ఫీజు మూడు శాతం దాకా పడవచ్చు, ఎన్ఆర్ఈ ఖాతా (ఇండియా బ్యాంకులో ఎన్ఆర్ఐలు పెట్టుకునే రూపాయల ఖాతా) నుంచి పంపితే ఆ బాధ లేదు. రసీదులన్నీ దాచండి. అమ్మ మీ పన్ను రిటర్నులో డిపెండెంటయితే ఇండియాలో అయిన వైద్య ఖర్చు హెచ్ఎస్ఏ (వైద్య ఖర్చులకని పన్ను లేకుండా దాచుకునే ఖాతా) నుంచి తీసుకోవచ్చు. వైద్యం కోసం చేసిన బసకు మనిషికి రాత్రికి 50 డాలర్ల దాకా వైద్య ఖర్చుగా చూపవచ్చు.

తిరుగు ప్రయాణంలో చేతి సంచిలో ఉండాల్సినవి: డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ నోట్, స్టిక్కర్లు, సీడీలో ఎక్స్‌రేలు, రక్తం పలచబరిచే మందు ఏది ఎన్ని రోజులు వాడారో రాసిన కాగితం. నడవ పక్క సీటు, ఎయిర్‌పోర్టులో వీల్‌చైర్ ముందే చెప్పుకోండి. సెక్యూరిటీ దగ్గర మెటల్ డిటెక్టర్‌లో మోకాలు చాలావరకు మోగుతుంది. డాక్టరు చీటీ చూపించినా తనిఖీ తప్పదు కాబట్టి కనెక్షన్ మధ్య మూడు గంటలైనా ఉండేట్టు టికెట్ తీసుకోండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి. ఆసుపత్రి ఇచ్చిన ఎస్టిమేట్ చేతిలో ఉన్నవారు ముందుకు రండి, దాన్నే వరసవారీగా చూద్దాం.