టాడ్ రండ్‌గ్రెన్: ఊరి పాటలన్నీ దిద్దాడు, తన పాట తప్ప

హాయ్ అండీ, నమస్తే. ఈసారి ఒక్క ఆల్బమ్ కాదు, ఒక మనిషి కెరీర్ మొత్తం రివ్యూ చేద్దాం. పేరు టాడ్ రండ్‌గ్రెన్. ఫిలడెల్ఫియా వాడు, 1948లో పుట్టాడు. మన హైదరాబాద్‌లో గట్టిగా రాక్ వినేవాళ్లని అడిగినా "ఎవరన్నా అతను?" అంటారు. జూబ్లీహిల్స్ పబ్బుల్లో కవర్ బ్యాండ్లు ఇతని పాట వాయించగా నేనైతే వినలేదు. కానీ ఇతను చెయ్యి పెట్టిన రికార్డు ఏదో ఒకటి మీ చెవిన పడే ఉంటుంది.

ఉదాహరణకి 1977లో వచ్చిన గాయకుడు మీట్ లోఫ్ ఆల్బమ్ 'బ్యాట్ ఔట్ ఆఫ్ హెల్'. పాటలు రాసింది జిమ్ స్టైన్‌మన్. టైటిల్ పాటలో హీరో బైక్ మీద దూసుకుపోతుంటాడు. స్టైన్‌మన్‌కి అక్కడ నిజం మోటార్‌సైకిల్ సౌండే కావాలి. ప్రొడ్యూసర్‌గా, అంటే రికార్డింగ్ మొత్తం నడిపించేవాడిగా కూర్చున్న రండ్‌గ్రెన్ ఏం చేశాడంటే, గిటార్ అందుకుని ఆ ఇంజన్ మోత మొత్తం తీగల మీదే తీసేశాడు. స్టార్ట్ అవ్వడం, రేస్ ఇవ్వడం, గేరు పడటం, అన్నీ. అదీ ఒక్క టేక్‌లో. అక్కణ్నించి ఆగకుండా సోలోలోకి వెళ్లిపోయాడు. క్లిప్ వేస్తే ఛానెల్‌కి కాపీరైట్ స్ట్రైక్ పడుతుంది కాబట్టి వెయ్యట్లేదు, మీరే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. బైక్ ఎక్కడ అయిపోయింది, గిటార్ ఎక్కడ మొదలైంది అనేది పట్టుకోవడం కష్టం.

తమాషా ఏంటంటే, ఆ పాటలు ఇతనికి అమెరికన్ రాక్ స్టార్ బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ మీద వెటకారంలా అనిపించాయట. అందుకే ఒప్పుకున్నాడు. కంపెనీలన్నీ వద్దన్న రికార్డు అది. స్ప్రింగ్‌స్టీన్ బ్యాండ్‌లోంచే పియానోకి రాయ్ బిట్టన్, డ్రమ్స్‌కి మాక్స్ వైన్‌బర్గ్ వచ్చారు. వెటకారమని నవ్వుకుంటూనే పని మాత్రం చాలా సీరియస్‌గా చేశాడు. కోట్లలో అమ్ముడుపోయింది.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1967లో నాజ్ అనే బ్యాండ్ పెట్టాడు, రెండేళ్లకే బయటికొచ్చేశాడు. తర్వాత బేర్స్‌విల్ స్టూడియో వాళ్ల దగ్గర ఇంజినీర్‌గా చేరాడు. 1970లో 'ద బ్యాండ్' అనే పేరున్న గ్రూప్ వాళ్ల 'స్టేజ్ ఫ్రైట్' రికార్డింగ్ ఇంజినీర్ ఇతనే. అప్పటికి ఇరవై రెండేళ్లు కూడా లేవు.

ఇక అసలు సంగతి, 1972 నాటి 'సమ్‌థింగ్/ఎనీథింగ్?'. డబుల్ ఆల్బమ్, అంటే రెండు ఎల్పీ రికార్డులు, నాలుగు వైపులు. మూడు వైపులు ఇతనొక్కడే: పాడటం, గిటార్, బేస్, కీబోర్డులు, డ్రమ్స్, ప్రొడక్షన్, అంతా. నాలుగో వైపు మాత్రం మ్యూజీషియన్లని పిలిచి స్టూడియోలో లైవ్‌గా వాయించారు.

ఒక్కడే అన్నీ వాయించడం ఇప్పుడు గొప్పేం కాదు. కృష్ణానగర్‌లో ఏ గదిలో చూసినా ఒక ల్యాప్‌టాప్, ఒక కుర్రాడు, పూర్తి పాట. కానీ ఆ కుర్రాడికి చెవిలో తాళం చెప్పే క్లిక్ ఉంటుంది, పాట ఎక్కడుందో దారి చూపే గైడ్ ట్రాక్ ఉంటుంది. రండ్‌గ్రెన్ ముందు డ్రమ్స్ కొట్టేవాడు. గైడ్ లేదు, పియానో లేదు, ఏమీ లేదు. పాట మొత్తం మనసులో పాడుకుంటూ చరణం ఎక్కడ తిరుగుతుందో గుర్తుపెట్టుకుని కొట్టాలి. తర్వాత బేస్, గిటార్, గొంతు ఆ డ్రమ్స్‌కి అతకాలి. అందుకే కొన్నిచోట్ల లయ కాస్త ఊగుతుంది. నాకు ఆ ఊగడమే ఇష్టం, మనిషి వాయిస్తున్నట్టు ఉంటుంది.

రెండో వైపు మొదట్లో ఒక చిన్న ఆట పెట్టాడు. రికార్డింగ్‌లో దొర్లే లోపాలన్నీ, అంటే హిస్ (బుస్సుమనే శబ్దం), హమ్ (గుయ్యిమనే మోత), అతుకు తెలిసిపోయే ఎడిటింగ్, మైక్ మీద 'ప' పేలడం, ఒక్కొక్కటీ వినిపించి, మీరూ రికార్డుల్లో పట్టుకోండి అంటాడు. మిక్సింగ్ నేర్చుకునేవాళ్లకి ఇంతకన్నా మంచి క్లాసు నేను చూళ్లేదు. ఫీజు కట్టి నేర్చుకున్నవి కూడా కలిపే చెప్తున్నా.

ఆ డబుల్ ఆల్బమ్‌లోంచి 'హలో ఇట్స్ మీ' 1973లో అమెరికా చార్టులో 5వ స్థానానికి వెళ్లింది. వేరే ఎవరైనా అయితే అలాంటివే ఇంకో పది చేసి స్థిరపడతారు. ఇతను అప్పటికే 'ఎ విజార్డ్, ఎ ట్రూ స్టార్' వదిలేశాడు. ఒక్క ఎల్పీలో 55 నిమిషాలు కుక్కాడు. అంత సంగీతం పట్టాలంటే గాడులు దగ్గర దగ్గరగా పడాలి, దాంతో సౌండ్ తగ్గుతుంది. అందుకే వాల్యూమ్ పెంచుకోండని కవరు మీదే రాశారు. మొదటి వైపు అద్భుతం, పాటలోంచి పాట పుట్టుకొస్తుంటుంది. రెండో వైపుకొచ్చేసరికి నాకు ఊపిరాడదు. మరుసటి ఏడాది తన యుటోపియా బ్యాండ్‌తో ఇంకా ముందుకెళ్లి, ఒక సైడంతా ఒకటే పాట పెట్టాడు, అరగంట. ఫ్యాన్స్ తిట్టుకోండి, నేను మాత్రం స్కిప్ కొట్టా.

నా కంప్లైంట్ ఇదే. ఎదుటివాళ్ల పాట చేతికొస్తే కత్తెర ఎక్కడ పెట్టాలో ఇతనికి బాగా తెలుసు. 1986లో ఇంగ్లండ్ బ్యాండ్ ఎక్స్‌టీసీ వాళ్ల 'స్కైలార్కింగ్' చూడండి. డెమోలు విని, ఏ పాటలుండాలి, ఏ వరసలో ఉండాలి అనేది సెషన్లు మొదలవ్వకముందే తేల్చేశాడు. ఆ బ్యాండ్ గాయకుడు ఆండీ పార్ట్‌రిడ్జ్‌తో గొడవలు మామూలుగా జరగలేదు. తర్వాతెప్పుడో ఆ రికార్డింగ్‌లో పోలారిటీ (సౌండ్ సిగ్నల్‌లో ప్లస్, మైనస్) తిరగబడిందని బయటపడి, 2010లో సరిచేసిన ఎడిషన్ కూడా వచ్చింది. అయినా ఆ వరస మాత్రం ఎవరూ వేలెత్తి చూపలేరు. పార్ట్‌రిడ్జ్ కూడా తర్వాత రికార్డు బాగుందని ఒప్పుకున్నాడు. సొంత ఆల్బమ్ దగ్గరికొస్తే ఇతనికి అడ్డు చెప్పేవాడే లేడు.

ఐడియాలకి మాత్రం కొదవలేదు. 1985లో 'ఎ కపెల్లా', ప్రతి సౌండూ తన గొంతులోంచి తీసిందే, డ్రమ్స్‌తో సహా. 1993లో 'నో వరల్డ్ ఆర్డర్', వినేవాడే పాట వరస మార్చుకునే డిస్క్. ఐడియా సూపర్, పాటలు యావరేజ్. 1998 ప్రాంతంలో ఫ్యాన్స్ నేరుగా డబ్బు కట్టి పాటలు తీసుకునే పేట్రోనెట్ పెట్టాడు. కింద మా ఛానెల్ జాయిన్ బటన్ ఉంది కదా, అలాంటిదే. 2021లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకుంటే, ఫంక్షన్‌కి పోకుండా తన షో చేసుకున్నాడు.

రేటింగ్: ప్రొడ్యూసర్‌గా ఐదుకి ఐదు, సొంత ఆల్బమ్‌లకి మూడున్నర. కొత్తగా వినేవాళ్లు 'సమ్‌థింగ్/ఎనీథింగ్?' మూడో వైపున్న 'కుడెంట్ ఐ జస్ట్ టెల్ యూ'తో మొదలుపెట్టండి. ఒక్కడే వాయించాడని చెప్పకుండా మీ బ్యాండ్ డ్రమ్మర్‌కి వినిపించి, డ్రమ్స్ ఎలా ఉన్నాయో అడగండి. ఏమన్నాడో కామెంట్లలో రాయండి.