ట్విన్ క్లబ్‌తో కలిసి విదేశీ టూర్: లెక్క తప్పేది ఎక్కడ?

[తెర మీద: రెండు నగరాల నుంచి బయల్దేరిన రెండు గీతలు మూడో చోట కలుస్తాయి]

వాయిస్: మీ సర్వీస్ క్లబ్, వేరే దేశంలోని మీ ట్విన్ క్లబ్, అంటే మీతో జంటగా స్నేహ ఒప్పందం ఉన్న క్లబ్, కలిసి మూడో దేశానికి టూర్ వెళ్తున్నారనుకుందాం. బస్సు ఒకటే, హోటల్ ఒకటే. వీసా రూల్స్ మాత్రం రెండు రకాలు, డబ్బు రెండు కరెన్సీల్లో. ఇలాంటి టూర్ దారిలో కంటే ముందే, పేర్ల జాబితా దగ్గరే చెడుతుంది.

[దగ్గరి షాట్: పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగు భాగం]

వాయిస్: ఫొటో పేజీ అడుగున రెండు వరుసలు చూడండి, వరుసకు 44 గళ్లు. పై వరుసలో మొదట ‘పి’ అక్షరం, తర్వాత దేశం కోడ్, ఆపైన ఇంటిపేరు. రెండు కోణపు గుర్తులు (<<) పక్కపక్కనే వచ్చాయంటే ఇంటిపేరు అయిపోయినట్టు. అక్కణ్నుంచి సొంత పేరు. టికెట్‌కైనా వీసా ఫారానికైనా పేరు ఇక్కణ్నుంచే దించుకోండి. వాట్సాప్‌లో టైప్ చేసి పంపిన పేరుని నమ్మొద్దు, క్లబ్ రిజిస్టర్లో పేరైతే అసలే వద్దు.

రెండు క్లబ్బులకీ ఒకే షీట్ పెట్టండి. అందులో నెలని అక్షరాల్లోనే రాయాలి. 05/06 అని రాస్తే ఒక దేశంలో జూన్ 5, ఇంకో దేశంలో మే 6. హోటల్ బుకింగ్ ఒక నెల పక్కకి జరిగిపోవడానికి అదొక్కటి చాలు.

[తెర మీద: క్యాలెండర్]

వాయిస్: వెళ్లేది షెంజెన్ దేశాలకైతే, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలకైతే, వీసా దరఖాస్తు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి తీసుకుంటారు; 15 రోజుల లోపలికి వస్తే ఆలస్యమైనట్టే. తిరుగు ప్రయాణం అక్టోబర్ 20న అయితే పాస్‌పోర్టు కనీసం జనవరి 20 దాకా చెల్లాలి, అది గత పదేళ్లలో ఇచ్చిందై ఉండాలి. మెడికల్ ఇన్సూరెన్స్ 30,000 యూరోలకి తగ్గకూడదు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే దరఖాస్తు. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి.

ట్విన్ క్లబ్ వాళ్లకి అసలు వీసాయే అక్కర్లేకపోవచ్చు. అందుకే వాళ్లు ‘వచ్చే నెల చూద్దాంలే’ అంటారు. తప్పు వాళ్లది కాదు, వాళ్లకి ఆ తొందర తెలీదంతే. వీసా కావాల్సినవాళ్ల గడువులనే ఇద్దరూ పాటించాలని మొదటి మీటింగ్‌లోనే ఒప్పించండి.

విమానం సంగతి. 8 సీట్లు ఒకేసారి వెతికితే, చవక రేటులో 5 మిగిలున్నా ఎనిమిదింటికీ పై రేటే చూపించడం మామూలు. పదిమంది దాటితే ఎయిర్‌లైన్ గ్రూప్ డెస్క్‌ని అడగండి. అడ్వాన్స్ తీసుకుని సీట్లు ఆపుతారు, పేర్లు తర్వాత ఇవ్వొచ్చు.

[తెర మీద: 40 తలలు, వాటిలో ఆరు మాయమవుతాయి]

వాయిస్: డబ్బు దగ్గర అందరూ చేసే పొరపాటు ఇదే. 40 మంది వస్తారని బస్సు అద్దె పంచుతారు. ఆరుగురు మానేస్తే మిగిలిన ఒక్కొక్కరి వాటా దాదాపు 18 శాతం పెరుగుతుంది. మానేసినవాళ్లు డబ్బు వెనక్కి అడుగుతారు, ఉన్నవాళ్లు అదనం కట్టనంటారు. కాబట్టి కచ్చితంగా వచ్చే కనీస సంఖ్య మీదే రేటు కట్టండి, మిగిలితే తిరిగిచ్చేయొచ్చు. లెక్కంతా ఒకే కరెన్సీలో ఉండాలి, ఏ రోజు మారకం రేటో కాగితం మీద రాసుకోవాలి, బ్యాంకు ఛార్జీలు పంపేవాళ్లే భరించాలి. సేవా కార్యక్రమాల కోసం సేకరించిన విరాళాలు ఈ ఖాతా దరిదాపుల్లోకి కూడా రాకూడదు.

[దగ్గరి షాట్: బస్సు డ్యాష్‌బోర్డులో ట్యాకోగ్రాఫ్]

వాయిస్: యూరప్‌లో బస్సు నడిపిన ప్రతి నిమిషాన్నీ ఈ పరికరం రాసి పెడుతుంది. నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాల విరామం తప్పనిసరి. రోజుకి మామూలుగా 9 గంటలే డ్రైవింగ్, ఆ తర్వాత 11 గంటల విశ్రాంతి. చివర్లో ‘ఇంకొక్క ఊరు చూసేద్దాం’ అని డ్రైవర్‌ని బతిమాలితే జరిమానా పడేది అతనికి.

రెండు క్లబ్బులూ తమ పేరున్న చిన్న బ్యానర్లు ఇచ్చిపుచ్చుకునే విందు రోజు ఈ లెక్క బెడిసికొడుతుంది. రెండు క్లబ్బుల అధ్యక్షులూ మాట్లాడతారు, ప్రతి వాక్యానికీ అనువాదం, గంట అనుకున్న సభ రెండు గంటలు. రాత్రి 11కి బస్సు హోటల్ చేరితే మర్నాడు ఉదయం 7కి అదే డ్రైవర్ రాలేడు. ఆ విందు హోటల్‌లోనే పెట్టుకోండి, లేదా నడిచి వెళ్లేంత దూరంలో.